చావడని ముందే తెలిసినా ఎందుకింత టెన్షన్? 'ద డే ఆఫ్ ద జాకాల్' నవల, సినిమా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: స్నేహితుడు 'ద డే ఆఫ్ ద జాకాల్' నవల చేతిలో పెట్టాడు. 1973లో వచ్చిన సినిమా కూడా మీ దగ్గరుంది. ముందు ఏది? ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపబోయే కథ అది, కానీ ఆయన్ని ఎవరూ చంపలేదని లోకమంతటికీ తెలిసినప్పుడు ఇక సస్పెన్స్ ఏముంటుంది? సినిమా చూసేస్తే నవల చదివినట్టే కదా?

నేను పద్నాలుగేళ్లు హైదరాబాద్‌లో సినిమా కథల పని చేశాను. నవల చదివి, అందులో తెరకు పనికొచ్చేది ఎంతుందో చూసి, వన్‌లైన్ ఆర్డర్, అంటే ఒక్కో సీనుకు ఒక్కో వాక్యంగా సీన్ల వరస, రాసివ్వడం నా పని. అందులో ఎక్కువ భాగం క్రైమ్ నవలలే. ఈ నవల నాలుగుసార్లు చదివాను. సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టలేదు.

ముందు నవల చదవండి. అయిపోయాక ఒక వారం ఆగి సినిమా చూడండి. ఆ రాత్రికే చూడొద్దు. వెంటనే చూస్తే సినిమా చూడరు, తప్పులు పట్టే పని పెట్టుకుంటారు. 'అది లేదేంటి, ఇది మార్చేశాడేంటి' అనుకుంటూ రెండు గంటలు గడిచిపోతాయి. వారం ఆగితే చిల్లర వివరాలు మనసులోంచి రాలిపోతాయి, మిమ్మల్ని నిజంగా పట్టుకున్నవి మిగులుతాయి. వాటిని సినిమా ఏం చేసిందో చూడటమే పోల్చడం.

ఇక సస్పెన్స్ సంగతి. చిన్నప్పుడు మా ఊళ్లో నవమి పందిట్లో హరికథ చెప్పించేవారు. సైంధవ వధ వచ్చిన రోజు పందిరి నిండిపోయేది. సైంధవుడు చస్తాడని ముందు వరసలో చాప మీద నిద్రకు జోగుతున్న పిల్లలకు కూడా తెలుసు. అయినా 'పొద్దు వాలిపోతోంది, అర్జునుడు ఇంకా దూరంగానే ఉన్నాడు' అని దాసుగారు చిడతలు ఆపి ఒక్క క్షణం ఊరుకుంటే, మా నాయనమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయేది. ఏం జరుగుతుందో ఆవిడకు తెలుసు. ఎలా జరుగుతుందన్నదే ఆవిడ టెన్షన్.

ఈ నవలలో జరిగేదీ అదే. పైగా మీకొచ్చిన అనుమానం చిన్నదేం కాదు, పబ్లిషర్లకే వచ్చింది. ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1962, 63లలో రాయిటర్స్ విలేకరిగా పారిస్‌లో ఉండి డిగాల్ వెంట తిరిగినవాడు. 1970 మొదట్లో చేతిలో ఉద్యోగం, డబ్బు రెండూ లేని సమయంలో 35 రోజుల్లో ఈ నవల రాసేశాడు. అప్పటికి డిగాల్ బతికే ఉన్నాడు, ఆ ఏడాది నవంబరులో గానీ పోలేదు. బతికున్న మనిషిని చంపబోయే కథ ఎవరు చదువుతారని కొందరు పబ్లిషర్లు తిప్పి పంపారు. 1971లో పుస్తకం బయటికొచ్చాక సంగతి వేరు.

చదువుతుంటే కాసేపటికి 'చంపుతాడా లేదా' అన్న ప్రశ్నే పక్కకు పోతుంది. 'ఇంత జాగ్రత్త మనిషి ఎక్కడ దొరికిపోతాడు' అన్నది మొదలవుతుంది. ఇంకొంచెం ముందుకెళ్తే ఇంకో వింత. సరిహద్దు దగ్గర కారు ఆపినప్పుడు, కస్టమ్స్ వాళ్లు కారు కిందికి వంగి చూస్తారేమోనని మీకు గుండె దడ పుడుతుంది. ఎవరి తరఫున? హంతకుడి తరఫున! మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ దగ్గర నా మీద నాకే అనుమానం వచ్చింది.

మొదలే వేరు. నవల 1963 మార్చి 11 తెల్లవారుజామున మొదలవుతుంది. చలిలో ఒక సైనికాధికారిని కాల్చి చంపుతారు. ఆయన బాస్టియన్ తిరీ, నిజంగా ఉన్న మనిషి, వైమానిక దళంలో కల్నల్ స్థాయి అధికారి. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలోని పెటీ క్లామార్ దగ్గర డిగాల్ కారు మీద జరిగిన కాల్పులకు సూత్రధారి. అల్జీరియాకు స్వాతంత్య్రం ఇచ్చినందుకు డిగాల్ మీద పగబట్టిన వాళ్లలో ఒకడు. ఇలాంటివాళ్ల రహస్య సైన్యం పేరు ఓఏఎస్. నవల ముందు మరణశిక్ష చూపించి, తర్వాత వెనక్కెళ్లి కాల్పులు చెబుతుంది. సినిమాలో వరస మారింది. ముందు కాల్పులు, ఆ తర్వాత శిక్ష. చదివేవాడు వెనక్కి తిప్పి చూసుకోగలడు, థియేటర్లో కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. నేను వన్‌లైన్ రాసినా అదే వరస రాసేవాణ్ణి.

ఆ మొదటి పేజీల్లో ఒక వాక్యం దగ్గర ఆగండి. బాస్టియన్ తిరీ చీకటి ఎప్పుడు పడుతుందో క్యాలెండర్‌లో చూసుకున్నాడట. రాత్రి 8:35 అని ఉందట. కానీ అది 1961 క్యాలెండర్. 1962లో ఆగస్టు 22న చీకటి 8:10కే పడింది. ఆ 25 నిమిషాలు ఫ్రాన్స్ చరిత్రను మార్చేశాయి అంటాడు రచయిత. మొదటి మూడుసార్లు నేను తలూపుతూ చదివేశాను. నాలుగోసారి గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను. సూర్యాస్తమయం టైం ఫలానా తేదీకి ఏ ఏడాదైనా దాదాపు ఒకటే! నిమిషం అటూ ఇటూ అవుతుంది గానీ 25 నిమిషాలు ఎక్కడ మారుతుంది? మరి అన్నిసార్లు ఎందుకు నమ్మాను? చుట్టూ ఉన్నవన్నీ నిజాలు కాబట్టి. తేదీ నిజం, ఊరు నిజం, కారు నిజం, చచ్చిన మనిషి నిజం. ఆ వరసలో ఇదీ నిజమైపోయింది. విలేకరి రాతకున్న బలం అది. తర్వాత వచ్చే హంతకుడు జాకాల్ పూర్తిగా కల్పన అయినా, ఇదే ధీమాతో అతన్ని కూడా చరిత్రలో కలిపేస్తాడు. (సైంధవుడి కథలో కూడా పొద్దు విషయంలోనే మోసం జరిగిందని గుర్తొచ్చి నవ్వుకున్నాను.)

ఇప్పుడు అసలు తేడా. నవల వివరిస్తుంది, సినిమా చేతులు చూపిస్తుంది.

బాస్టియన్ తిరీ పోయాక ఓఏఎస్ పెద్దలు ముగ్గురు బయటి మనిషిని, ఒక ఇంగ్లీషువాణ్ణి కుదుర్చుకుంటారు. బేరం 5 లక్షల డాలర్లు, సగం ముందు. అతని అసలు పేరు మనకు ఎప్పటికీ తెలియదు. జాకాల్ అన్నది పెట్టుకున్న పేరు. అక్కణ్ణుంచి నవలలో చాలా పేజీలు తయారీకే పోతాయి. ఎప్పుడో పసితనంలో చనిపోయిన బిడ్డ పేరు మీద పాస్‌పోర్ట్, దొంగ కాగితాలు చేసేవాడు, తుపాకీ చేసేవాడు, వేషాలు, జుట్టు రంగు, రైళ్లు, హోటళ్లు. తుపాకీ చేసేవాడితో మాట్లాడేటప్పుడు ఇల్లు కట్టించుకునేవాడు మేస్త్రీతో మాట్లాడినంత మామూలుగా మాట్లాడతాడు. పేజీల కొద్దీ అదే. విసుగు రావాలి నిజానికి. రాదు, ఎందుకంటే ప్రతి వస్తువు దగ్గరా 'ఇది దేనికి' అన్న ప్రశ్న ఒకటి వదిలేస్తాడు, జవాబు ఎప్పటికో గానీ ఇవ్వడు.

నేను ఒక థ్రిల్లర్ నవలకు ఆర్డర్ రాసినప్పుడు సరిగ్గా ఇక్కడే బోర్లాపడ్డాను. నవలంతా హంతకుడి ఆలోచనలే. 'అతను ఆలోచించాడు' అని రాశాను. సిట్టింగ్‌లో డైరెక్టర్ గారు కాగితం పక్కన పెట్టి, 'ఆలోచించాడంటే కెమెరామన్ ఏం తీయాలమ్మా?' అన్నారు. సరే అని హంతకుడికి ఒక స్నేహితుణ్ణి పెట్టాను, అతనితో అన్నీ చెప్పించడానికి. సీను సీనంతా పాఠం అయిపోయింది. ఆ స్నేహితుడు ప్రశ్నలడగడానికే పుట్టినట్టున్నాడు. ఆ సినిమా మొదలే కాలేదు, అది వేరే కథ. కానీ ఆ వారంలోనే ఈ సినిమా మళ్లీ చూస్తే, దీని దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్ ఏం చేశాడో అప్పుడు అర్థమైంది.

పుచ్చకాయ సీను చూడండి. జాకాల్ కొత్త తుపాకీ తీసుకుని ఊరికి దూరంగా, చెట్లున్న చోటికి వెళతాడు. పుచ్చకాయను సంచీలో పెట్టి కొమ్మకు వేలాడదీస్తాడు. దూరం నడిచి వచ్చి, తుపాకీ సర్దుకుని ఒక గుండు పేలుస్తాడు. గురి కాస్త పక్కకు పోయింది. దుర్భిణి మీద మర కొంచెం తిప్పుతాడు. మళ్లీ పేలుస్తాడు, మళ్లీ తిప్పుతాడు. మాట లేదు, మ్యూజిక్ లేదు. పిట్టల చప్పుడు, గుండు చప్పుడు. గురి కుదిరాక వేరే రకం గుండు తీసి పెడతాడు. ఈసారి కాయకు చిల్లు పడదు, కాయే ఉండదు. ఎర్రటి గుజ్జు ఎగిరిపోతుంది. అది ఎవరి తల కోసమో ఎవరూ చెప్పక్కర్లేదు. నవలలోనూ ఇలాంటి సన్నివేశం ఉంది, బాగుంటుంది, కానీ ఇక్కడ సినిమాదే పైచేయి. నాకు అక్కరకు రాని స్నేహితుడి పని ఒక పుచ్చకాయ చేసేసింది.

అలాగే, పోలీసులకు సంగతి తెలిసిపోయిందని జాకాల్‌కి ఫోన్‌లో తెలిశాక వెనక్కి పోవాలా ముందుకు పోవాలా అన్న ఘట్టం. నవలలో అతని లెక్కలన్నీ మనకు వినిపిస్తాయి. సినిమాలో రోడ్డు రెండుగా చీలిన చోట కారు ఆగుతుంది. ఒక బోర్డు పారిస్ వైపు. కాసేపు ఊరికే కూర్చుంటాడు. కారు పారిస్ వైపు తిరుగుతుంది. అంతే. నవల చదివినవాళ్లకు ఆ మౌనంలో పేజీలు వినిపిస్తాయి, చదవనివాళ్లకు మొండితనం కనిపిస్తుంది. ముందు చదవమన్నది ఇలాంటి చోట్ల కోసమే.

జాకాల్ వేషానికి పెద్ద స్టార్ వద్దనుకున్నాడు జిన్నెమన్. ఎడ్వర్డ్ ఫాక్స్ అప్పటికి జనానికి అంతగా తెలియని ముఖం. గుంపులో కలిసిపోయే మనిషిగా నమ్మాలంటే అంతే మరి. మన దగ్గర ఇంట్రడక్షన్ షాట్ లేకుండా హీరోని తేగలమా? చూసేవాడి కళ్లన్నీ స్టార్ వెంటే పోతాయి. ఈ కథ ఛాయలతో 1988లో మలయాళంలో వచ్చిన 'ఆగస్ట్ 1' గమనించండి. మమ్ముట్టి పట్టుకునే పోలీసు అయ్యాడు, హంతకుడు కెప్టెన్ రాజు. స్టార్ ఎటుంటే కథ బరువు అటు ఒరిగింది. అది బాగాలేదనడం లేదు, చక్కగా ఉంటుంది. కానీ ఫోర్సైత్ చేసిన పాడు పని, అంటే హంతకుడి పక్కన మనల్ని కూర్చోబెట్టడం, అక్కడ కుదరదు.

సినిమా వదిలేసిన వాటిలో పెద్దది కోవాల్‌స్కీ. ఓఏఎస్ నాయకుడు రోదాఁ దగ్గర కాపలా ఉండే భారీ మనిషి, మాజీ సైనికుడు. నవలలో ఇతనికి మార్సెయ్‌లో ఒక చిన్న కూతురుంది. ఆ పిల్లకు పెద్ద జబ్బు చేసిందని ఒక ఉత్తరం వస్తుంది. పేరు కూడా సరిగా పలకలేని జబ్బు. దాక్కున్న చోటు వదిలి పిల్లను చూడటానికి పరిగెడతాడు. అక్కడ కాచుకుని ఉన్నది ప్రభుత్వం మనుషులు. ఉత్తరం వాళ్లదే. తర్వాత అతన్ని పెట్టిన హింస, ఆ మూలుగుల టేపులోంచి ఒక్కో ముక్కా ఏరుకుని జాకాల్ అన్న మాట పట్టుకోవడం, చదవడానికి గుండె దిటవు కావాలి.

సినిమాలో ఇతని పేరు వొలెన్‌స్కీ. కూతురు లేదు, ఉత్తరం లేదు. ఎత్తుకెళతారు, హింసిస్తారు, టేపు వింటారు. నిడివి కోసం తీసేశారన్నది తెలుస్తూనే ఉంది, ఆ పనిలో నేనున్నా అక్కడే కత్తెర వేసేవాణ్ణి. కానీ నష్టం నష్టమే. నవలలో ఆ అధ్యాయం దాటాక మీరు ఏ పక్షమూ కాలేరు. అధ్యక్షుణ్ణి కాపాడేవాళ్లు బిడ్డ జబ్బును ఎరగా వేశారు. డబ్బు కోసం చంపేవాడేమో ఎలాగూ హంతకుడే. సినిమాలో ప్రభుత్వం చేతులు కొంచెం శుభ్రమయ్యాయి.

నవల సగానికి వచ్చాక గానీ డిటెక్టివ్ క్లాడ్ లెబెల్ రాడు. పొట్టిగా, ముభావంగా, ఇంట్లో భార్య మాటలకు జవాబు చెప్పలేని మనిషిగా రాశాడు ఫోర్సైత్. భార్యను గయ్యాళిగా చూపించి నవ్వించే ఆ పాత పద్ధతి ఇప్పుడు చదివితే చప్పగా ఉంటుంది. సినిమా ఆ మనిషి చేతికి పావురాలిచ్చింది, బాగా చేసింది. మైకేల్ లాన్స్‌డేల్ లెబెల్ వేషంలో నిద్రమొహంతో మంత్రుల మధ్య కూర్చున్న తీరు చూడండి. ఆ సమావేశాల సంగతులు బయటికి ఎవరు చేరవేస్తున్నారో ఒక టేపు వినిపించి తేలుస్తాడు. ఎవరి ఫోన్ ట్యాప్ చేయాలో మీకెలా తెలిసిందని అడిగితే, తెలియదు కాబట్టి అందరివీ చేశానంటాడు. నవలలోనూ సినిమాలోనూ ఉంది ఈ ఘట్టం. చదివినప్పుడు నవ్వొచ్చింది. తెర మీద ఆ గదిలో ముఖాలు చూశాక నవ్వు సగంలో ఆగింది.

ఇక జాగ్రత్తలు. నవల మొదటి యాభై పేజీలు ఫ్రెంచ్ పేర్లతో, సంస్థల పేర్లతో నిండి ఉంటాయి. ఒక కాగితం మీద రోదాఁ, కోవాల్‌స్కీ, లెబెల్, సాంక్లేర్ (ఆ సమావేశాల్లో కూర్చునే అధికారి) అని నాలుగు పేర్లు రాసుకుని పేజీల మధ్య పెట్టుకోండి, చాలు. అల్జీరియా రాజకీయం అంతా అర్థం కాకపోయినా కథ ఆగదు.

ఇంగ్లీషు నవల చదవడం మీకు బాగా నెమ్మదైతే, లేదా పాస్‌పోర్టులూ దరఖాస్తులూ చదివే ఓపిక లేకపోతే, సినిమా ముందు చూసినా తప్పులేదు. కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి. మా అన్నయ్య కొడుకు ముందు సినిమా చూసి, తర్వాత నవల పట్టుకుని, 'అన్నీ తెలిసినవే బాబాయ్' అంటూ తుపాకీ దగ్గర వదిలేశాడు. తెలియని కోవాల్‌స్కీ దాకా వాడు రానేలేదు.

ఇంకోటి. 1997లో బ్రూస్ విల్లిస్, రిచర్డ్ గేర్‌లతో వచ్చిన 'ద జాకాల్' చూసి ఇదేననుకోకండి. 2024లో ఎడ్డీ రెడ్‌మేన్‌తో వచ్చిన సిరీస్ కూడా ఈ కాలానికి మార్చిన కథ. పోల్చడానికి పనికొచ్చేది 1973 నాటిదే.

ఇక్కడి నుంచి ముగింపు సంగతి. చదవనివాళ్లు ఆగిపోండి, చదివాక రండి.

1963 ఆగస్టు 25. పారిస్‌కు 1944లో జర్మన్ల నుంచి విముక్తి దొరికిన రోజుకు వార్షికోత్సవం. మోంపార్నాస్ స్టేషన్ ముందు పాత సైనికులకు పతకాలు. ఒంటికాలి ముసలి సైనికుడి వేషంలో, చంకకర్రలో తుపాకీతో జాకాల్ పోలీసులను దాటి ఒక మేడ మీదికి చేరతాడు. గురి కుదిరింది, మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే డిగాల్ ముందుకు వంగాడు. గుండు తల వెనకనుంచి పోయింది.

ఎందుకు వంగాడు? సినిమా మాత్రమే చూసిన ముగ్గురు మిత్రులను అడిగాను. ఒకడు గాలికి గురి తప్పిందన్నాడు, ఒకడు అదృష్టం అన్నాడు, మూడోవాడికి ఆ సీనే గుర్తులేదు. నవలలో స్పష్టంగా ఉంది. పతకం పెట్టాక ఆ సైనికుడి బుగ్గల మీద ముద్దు పెట్టడానికి వంగాడు. అది ఫ్రెంచివాళ్ల అలవాటు. ఇంగ్లీషువాడికి ఊహకు కూడా రాదు. సినిమాలోనూ వంగడం ఉంది, కారణం ఎవరూ చెప్పరు.

ఇది తెలిశాక నవల మొదట్లోకి మళ్లీ వెళ్లండి. జాకాల్ రోజుల తరబడి బ్రిటిష్ మ్యూజియం చదువుల గదిలో కూర్చుని డిగాల్ గురించి దొరికినవన్నీ చదువుతాడు, డిగాల్ స్వయంగా రాసిన పుస్తకంతో సహా. ప్రాణభయం ఉన్నా జనం ముందుకు రాక తప్పని రోజు ఏదో పట్టుకున్నది అక్కడే. ఆ మనిషి అహంకారం, పట్టుదల, దేశం మీద పిచ్చి, అన్నీ పుస్తకాల్లో దొరికాయి. బుగ్గ మీద ముద్దు దొరకలేదు. సినిమాలో కూడా ఆ లైబ్రరీ ఉంది, కొద్దిసేపే. వారం ఆగి చూసేటప్పుడు ఆ రెండు చోట్లా ఫోన్ పక్కన పెట్టండి. వంగడం మరీ రెప్పపాటులో అయిపోతుంది.